వాగులో సిఓడి తగ్గితే కాలుష్యం తగ్గినట్టేనా?

మీ ఊరి వాగుకు సంబంధించిన పన్నెండేళ్ల నీటి పరీక్షల నివేదికల్లో సిఓడి (నీటిలోని వ్యర్థాలను రసాయనికంగా ఆక్సీకరించడానికి ఎంత ఆక్సిజన్ కావాలో చెప్పే కొలత) అంకెలు ఏటేటా తగ్గుతున్నాయని, పొలాల్లో మాత్రం పరిస్థితి మారలేదని, దేనిని నమ్మాలో తెలియడం లేదని అడిగారు. హైదరాబాద్ శివారు పారిశ్రామిక ప్రాంతమైన పటాన్‌చెరు దగ్గర నక్కవాగు వెంట కొన్నేళ్లు నమూనాలు సేకరించి, ఫలితాలను పట్టికలుగా వేసిన అనుభవంతో చెబుతున్నాను: రెండూ నిజమే కావచ్చు.

అన్నిటికంటే ముందు ప్రవాహాన్ని చూడండి. నివేదికలో ఉండేది లీటరు నీటిలో ఎన్ని మిల్లీగ్రాములన్న లెక్క. వాగు రోజుకు మొత్తం ఎంత కాలుష్యాన్ని మోసుకుపోతోందో అది చెప్పదు. ఉదాహరణకు, జనవరిలో సెకనుకు 50 లీటర్ల నీరు పారుతూ సిఓడి 400 ఉంటే రోజుకు 1,728 కిలోలు వెళ్తున్నట్టు లెక్క. ఆగస్టులో 500 లీటర్లు పారుతూ సిఓడి 100కు దిగితే రోజుకు 4,320 కిలోలు. అంకె నాలుగో వంతుకు పడింది గానీ, వాగు మోసిన కాలుష్యం రెండున్నర రెట్లయింది. ప్రవాహం కొలవడానికి మా దగ్గర పరికరాలేవీ లేవు. కల్వర్టు దగ్గర తిన్నగా పారే చోట పది మీటర్లు కొలిచి, ఒక బత్తాయిని నీటిలో వదిలి, అది ఆ దూరం దాటడానికి పట్టిన సెకన్లను నాలుగైదు సార్లు లెక్కపెట్టేవాళ్లం. దూరాన్ని ఆ సెకన్లతో భాగిస్తే పైనీటి వేగం వస్తుంది. అది సగటు వేగం కంటే కాస్త ఎక్కువగా ఉంటుంది కాబట్టి దానిని 0.85తో గుణించి, వాగు వెడల్పుతోనూ సగటు లోతుతోనూ హెచ్చించాలి. ఇది ఉజ్జాయింపే అయినా, లెక్క అసలు లేకపోవడం కంటే ఎంతో మేలు.

ప్రవాహం రుతువును బట్టి మారుతుంది కాబట్టి ఏడాది సగటులను పక్కనపెట్టి, ఒక ఏడాది ఏప్రిల్‌ను మరో ఏడాది ఏప్రిల్‌తోనే పోల్చండి. గణాంక పరీక్ష చేయగలిగితే రుతువుల వారీ మాన్-కెండాల్ పద్ధతి (అంకెలు ఏళ్ల తరబడి నిజంగా పెరుగుతున్నాయా, తగ్గుతున్నాయా అని చూసే పరీక్ష) ఇలాంటి సమాచారానికి బాగా సరిపోతుంది.

ల్యాబ్ మారిందేమో కూడా చూసుకోవాలి. మా పట్టికలో కొన్నేళ్లు సీసం ‘గుర్తించలేదు’ అని ఉండి, ఆ తర్వాత హఠాత్తుగా 0.02, 0.03 కనిపించడం మొదలైంది. ఊళ్లో అందరం ఆందోళన పడ్డాం. తీరా విచారిస్తే, పాత ల్యాబ్ లీటరుకు 0.05 మిల్లీగ్రాముల కంటే తక్కువను గుర్తించలేకపోయేదని, కొత్తది 0.01 దాకా గుర్తిస్తుందని తెలిసింది. అటువంటప్పుడు 0.05 లోపు విలువలన్నిటినీ ఒకటిగానే పరిగణించి పోల్చాలి. ‘గుర్తించలేదు’ అన్న చోట సున్నా వేయడం ఎంతమాత్రం సరికాదు.

సిఓడి వ్యర్థాల మొత్తాన్ని సూచిస్తుందే తప్ప అందులో ఏమేమి ఉన్నాయో చెప్పదు. స్వీడన్ పరిశోధకుడు యోకిమ్ లార్సన్ బృందం 2007లో ప్రచురించిన అధ్యయనం ప్రకారం, పటాన్‌చెరులో పలు పరిశ్రమల వ్యర్థజలాన్ని కలిపి శుద్ధిచేసే ఉమ్మడి శుద్ధి కేంద్రం నుంచి బయటికి వచ్చే నీటిలో సిప్రోఫ్లాక్సాసిన్ అనే యాంటీబయాటిక్ లీటరుకు 31 మిల్లీగ్రాముల వరకు ఉంది. మందు వేసుకున్న రోగి రక్తంలో ఉండే గరిష్ఠ స్థాయి కంటే ఇది ఎక్కువ. సాధారణ నెలవారీ పరీక్షల్లో ఈ మందు పేరే ఉండదు.

చివరిగా, నా దృష్టిలో అతి ముఖ్యమైనది. పటాన్‌చెరులో శుద్ధిచేసిన వ్యర్థజలాన్ని 2009 నుంచి సుమారు 18 కిలోమీటర్ల పైపులైను ద్వారా హైదరాబాద్ నగర మురుగుకాల్వలో కలిపి అంబర్‌పేట మురుగుశుద్ధి కేంద్రానికి పంపడం మొదలుపెట్టారు. అది మూసీ పరీవాహకం. అందువల్ల ఆ తర్వాత నక్కవాగులో కనిపించిన తగ్గుదలలో ఎంత భాగం నిజమైనదో, ఎంత భాగం మరో నదికి తరలినదో వేరు చేయకుండా కాలుష్యం తగ్గిందనడం మూసీ ఒడ్డు రైతులకు అన్యాయం. మీ పట్టికలో అంకెలు ఏ ఏడాది నుంచి దిగడం మొదలైందో గుర్తించి, ఆ ఏడాది ఎగువన కొత్త పైపు గానీ, మళ్లింపు గానీ, నమూనా తీసే చోటులో మార్పు గానీ వచ్చిందేమో విచారించండి. వాగు పక్కన పొలం ఉన్న పెద్దవాళ్లకు ఆ సంగతులు బాగా గుర్తుంటాయి.