క్యాంపుకి వెళ్లేముందు ఇది చదువు

అమ్మాయ్ సింధూ,

ఆదిలాబాద్ ఏజెన్సీ ఊళ్లలో టీబీ క్యాంపులకు డాక్టరుగా వెళ్తున్నావని మీ నాన్న చెప్పాడు. మన ఇంటి పిల్ల అని ఎంత గర్వపడ్డానో! చేత్తో పట్టుకునే ఎక్స్‌రే మిషను, దాని ఫిల్ము చూసి టీబీ అనుమానం ఎంతో అంకెలో చెప్పే ఏఐ స్కోరు అనేసరికి మాత్రం టెన్షన్ పట్టుకుంది.

మాస్కు మానకు. దోమతెర మర్చిపోకు.

కంపెనీవాడు "తొంభై శాతం పట్టేస్తుంది సార్" అంటాడు. నిజమే కావచ్చు. స్క్రీనింగుకి డబ్ల్యూహెచ్‌వో 2014లో అడిగింది కనీసం 90 శాతం సెన్సిటివిటీ (జబ్బున్నవాళ్లలో ఎందరిని పడుతుందో), 70 శాతం స్పెసిఫిసిటీ (జబ్బులేనివాళ్లలో ఎందరిని సరిగ్గా వదిలేస్తుందో). 2019-21 జాతీయ సర్వేలో పదిహేనేళ్లు, ఆపైబడినవాళ్లలో లక్షకు 316 మందికి ఊపిరితిత్తుల టీబీ తేలింది. అంటే వెయ్యికి ముగ్గురు. ఆ ముగ్గురూ నీకు దొరికినా, జబ్బులేని మరో 300 మందిని కూడా మిషను అనుమానిస్తుంది. అదే నీ ఓపీలో దగ్గుతో వచ్చిన వందమందిలో ఇరవైమందికి జబ్బుందనుకో: మిషను అనుమానించినవాళ్లలో 18 మందికి నిజం, 24 మందికి అబద్ధం. ముందు జనాన్ని చూడు, తర్వాత స్కోరు.

తాతయ్య సంగతి నీకెవరూ చెప్పి ఉండరు. దగ్గని ఒక ఆసుపత్రికి వెళ్తే, ఫిల్ములో కుడివైపు పైన నీడ చూసి, తెమడ పరీక్ష లేకుండానే మందులు మొదలుపెట్టారు. నెల తిరక్కుండా కళ్లు పచ్చబడ్డాయి, అన్నం చూస్తే వాంతి. నేను సెలవుపెట్టి వచ్చేసరికి లివరు దెబ్బతింది. నానమ్మ ట్రంకుపెట్టెలోంచి పాత ఫిల్ము తీసింది. వంటింటి కిటికీ దగ్గర రెండూ పక్కపక్కన పట్టుకుని చూశాను. అదే చోట, అదే నీడ. ఎప్పుడో వయసులో వచ్చి మానిన మచ్చ! అప్పటికే ఆయన గ్లాసు, కంచం వేరుపెట్టారు. ఏడాది పిల్లవి, నిన్ను ఒళ్లోకి ఇవ్వలేదు. కామెర్లకన్నా అదే ఎక్కువ బాధపెట్టిందని చాలాసార్లు అన్నాడు.

అందుకే చెబుతున్నా, మచ్చ కనబడగానే "టీబీ" అన్నావో, నా చేతిలో తిట్లు తింటావు. తెమడలో టీబీ క్రిమి జన్యువుని వెతికే ట్రూనాట్‌కో సీబీనాట్‌కో పంపు. పాత ఫిల్ముందా అని అడుగు. మిషను నార్మల్ అన్నా, రెండువారాలు దాటిన దగ్గుంటే వదలకు. హెచ్‌ఐవీ ఉన్నవాళ్లలో టీబీ ఉన్నా ఫిల్ము శుభ్రంగా ఉండొచ్చు. ఎంత స్కోరు దాటితే అనుమానం అంటారో, ఆ కటాఫ్ ఎక్కడ పెట్టారో కూడా కనుక్కో తల్లీ.

కంపెనీవాళ్లిచ్చిన స్టడీ కాగితం వాట్సాప్‌లో పెట్టు. ఏ జనం మీద తేల్చారో, తెమడలోని క్రిమిని ల్యాబులో పెంచి చూసే కల్చర్‌తో పోల్చారో ఇంకో డాక్టరు కంటిచూపుతోనో చూస్తాను. అక్షరాలు చిన్నవైనా ఫర్వాలేదు, కళ్లజోడు కొత్తదే.

పెద్దనాన్న