ప్యాంథియన్ బొమ్మలు గీసే అమ్మాయిని ఏం చదివించాలి?

ప్రశ్న: మా అమ్మాయి ఇంటర్ సెకండియర్, ఎంపీసీ. మార్కులకు లోటు లేదు. ఏడాదిగా మాత్రం రోమన్ కట్టడాల పిచ్చి పట్టుకుంది. లెక్కల నోట్సు వెనక పేజీల నిండా ప్యాంథియన్, కొలోసియం బొమ్మలే. కంప్యూటర్ సైన్స్ వద్దట, ఇదే చదువుతుందట, ఇటలీ పంపమంటోంది. నాకున్నది చిన్న ఎరువుల దుకాణం. రేపు దీంతో అన్నం పుడుతుందా అని టెన్షన్‌గా ఉంది. - ఒక తండ్రి, ఖమ్మం

జవాబు: ముందు అమ్మాయిని కూర్చోబెట్టి ఒక్క మాట అడగండి. ప్యాంథియన్‌లో తనకు నచ్చిందేమిటి? దాన్ని కట్టించిన చక్రవర్తుల కథలా, అంత పెద్ద గుమ్మటం కూలకుండా ఎలా నిలబడిందన్న సంగతా? బయటికి రెండూ ఒకే పిచ్చిలా కనిపిస్తాయి. చదువులు మాత్రం వేరు.

నోట్సులో బొమ్మలు గీస్తోందన్నారు కాబట్టి నా అనుమానం రెండోదే. ఆ గుమ్మటం సంగతి కాస్త చెబుతాను, మీకూ ఆసక్తి కలగొచ్చు. హాడ్రియన్ చక్రవర్తి కాలంలో, సుమారు క్రీ.శ. 125లో పూర్తయిన గుడి అది. గుమ్మటం అడ్డకొలత 43 మీటర్ల పైనే. లోపల ఒక్క ఇనుప ఊచ లేదు. ఇనుము వేయని కాంక్రీటు గుమ్మటాల్లో ఈనాటికీ ప్రపంచంలో అదే పెద్దది. కిటుకంతా కాంక్రీటులో కలిపిన రాయిలో ఉంది. అడుగున బరువైన రాయి వేశారు. పైకి పోయేకొద్దీ ఇటుక ముక్కలు, తేలిక రాయి, శిఖరం దగ్గరికొచ్చేసరికి నీళ్లలో తేలే అగ్నిపర్వతపు రాయి. మందం కూడా అడుగున 6 మీటర్లుంటే నెత్తిన మీటరుంబావు. ఇక నడినెత్తిన అసలు కప్పే లేదు, గుండ్రటి పెద్ద కన్నం వదిలేశారు. వాన పడితే లోపలే పడుతుంది. నేలను కొంచెం ఉబ్బెత్తుగా చేసి, నీళ్లు పోయేందుకు రంధ్రాలు పెట్టారు.

నీళ్లలో తేలే రాయి అనగానే మీకు రామప్ప గుర్తొచ్చి ఉండాలి. 1213 నాటి ఆ గుడి విమానానికి, అంటే గర్భగుడి మీది శిఖరానికి, మన శిల్పులు నీళ్లలో తేలే ఇటుకలు వాడారు. రోమ్‌ను చూసి నేర్చుకున్నది కాదది. పైన బరువు తగ్గించాలన్న లెక్క ఎక్కడైనా ఒక్కటే. మీ అమ్మాయి ఆ లెక్క కోసం చదవాలనుకుంటే ఇటలీ దాకా పోనక్కర్లేదు, కనీసం ఇప్పుడు.

దారి ఇదీ. ఇంటర్ తర్వాత ఐదేళ్ల బీఆర్క్, అంటే ఆర్కిటెక్చర్ డిగ్రీ. దానికి నాటా అనే ప్రవేశ పరీక్ష గానీ, జేఈఈ మెయిన్‌లో పేపర్ 2ఎ గానీ రాయాలి. విజయవాడలో స్కూల్ ఆఫ్ ప్లానింగ్ అండ్ ఆర్కిటెక్చర్ ఉంది, మీకు దగ్గర. హైదరాబాద్‌లో జేఎన్ఏఎఫ్ఏయూ (జవహర్‌లాల్ నెహ్రూ ఆర్కిటెక్చర్ అండ్ ఫైన్ ఆర్ట్స్ యూనివర్సిటీ) ఉంది. ఆ తర్వాత పాత కట్టడాల పరిరక్షణలో ఎంఆర్క్, ఢిల్లీలోనో భోపాల్‌లోనో. బీఆర్క్ ఇష్టం లేకపోతే బీటెక్ సివిల్ కూడా మంచి దారే. ఐఐటీ మద్రాస్‌లో పురాతన కట్టడాల భద్రత కోసమే ప్రత్యేక కేంద్రం ఉంది.

ఈ పనిలో రోజూ చేతికి అంటేది ఏమిటో కూడా అమ్మాయికి చెప్పండి: సున్నం. కుతుబ్‌షాహీ సమాధులకు వెనకటి మరమ్మతుల్లో పూసిన సిమెంటును ఈమధ్య గీకి తీసేసి, మళ్లీ సున్నం పూశారు. సున్నం తేమను పీల్చుకుని వదిలేస్తుంది, సిమెంటు లోపలే బిగబట్టి గోడను పాడుచేస్తుంది. రోమన్ కాంక్రీటులో తెల్లటి సున్నపు పలుకులు కనిపిస్తే, సరిగ్గా కలపలేదు కాబోలు అనుకునేవాళ్లు చాలాకాలం. 2023లో అమెరికాలోని ఎంఐటీ పరిశోధకులు తేల్చిందేమిటంటే, పగులులోకి నీళ్లు దిగినప్పుడు ఆ పలుకులే కరిగి, గట్టిపడి పగులును పూడుస్తాయట. కెమిస్ట్రీ పుస్తకం మూసేయొద్దని ఆమెకు నా మాటగా చెప్పండి.

రెండు వేల ఏళ్ల కిందటి రోమన్ వాస్తుశిల్పి విట్రూవియస్ అయితే ఇంకా పెద్ద చిట్టా రాశాడు. కట్టేవాడికి జ్యామితి, చరిత్ర, సంగీతం, వైద్యం, చివరికి చట్టం కూడా తెలియాలన్నాడు. చట్టం ఎందుకంటే ఉమ్మడి గోడలు, చూరు నీళ్లు, మురుగు కాలువల తగాదాలు రాకుండా. ఖమ్మంలో ఇల్లు కట్టిన ఎవరినడిగినా అవునంటారు.

ఒకవేళ కథలే ఇష్టమంటే బీఏ చరిత్ర, ఆపైన పుణె డెక్కన్ కాలేజీలో ఆర్కియాలజీ. గ్రేటర్ నోయిడాలో పురావస్తు శాఖ వాళ్ల పీజీ డిప్లొమా కూడా ఉంది. కానీ మన దేశంలో ఆ ఉద్యోగాలు మన తవ్వకాల మీదే ఉంటాయి. రోమ్ మీదే బతకాలంటే లాటిన్ రావాలి, విదేశంలో పీహెచ్‌డీ చేయాలి, బడిలోనే లాటిన్ నేర్చుకున్నవాళ్లతో పోటీ పడాలి. ఆ దారి నేనైతే సిఫారసు చేయను.

ఇటలీ మాట బీఆర్క్ అయ్యాక చూద్దాం. అక్కడి ప్రభుత్వ యూనివర్సిటీల్లో ఫీజు కుటుంబ ఆదాయాన్ని బట్టి తగ్గుతుంది, స్కాలర్‌షిప్‌లూ ఉన్నాయి. పదిహేడేళ్లకే అప్పు చేసి పంపకండి.

డబ్బు సంగతి దాచను. మొదట్లో ఆర్కిటెక్టు జీతం సాఫ్ట్‌వేర్ అంత ఉండదు, చదువు కూడా ఎక్కువేళ్లు. అయితే బీఆర్క్ పూర్తిచేసి కౌన్సిల్ ఆఫ్ ఆర్కిటెక్చర్‌లో నమోదైతే ఇళ్ల ప్లాన్లు గీసైనా నిలదొక్కుకోవచ్చు. పాత కట్టడాల పని దొరికినప్పుడు అదీ చేసుకోవచ్చు. పురావస్తు శాఖలు, వారసత్వ కట్టడాలను కాపాడే ఇన్‌టాక్ లాంటి సంస్థలు ఆ పని చేయిస్తుంటాయి.

నిర్ణయానికి ముందు ఒక ఆదివారం అమ్మాయిని నాగార్జునసాగర్ దగ్గర అనుపుకు తీసుకెళ్లండి. డ్యాం నీళ్లలో మునిగిపోతుందని నాగార్జునకొండ లోయలోని మెట్ల రంగస్థలాన్ని అక్కడ తిరిగి కట్టారు. దాన్ని రోమన్ యాంఫీథియేటర్‌తో పోల్చేవాళ్లున్నారు. ఆ లోయ తవ్వకాల్లో రోమన్ బంగారు నాణేలు కూడా దొరికాయి. మీరు చెట్టు కింద కూర్చోండి, టేపు తన చేతికివ్వండి. మెట్టు ఎత్తు, వెడల్పు, మొత్తం పొడవు కొలిచి, ఇంటికొచ్చి స్కేలుకు గీయమనండి. ఫోన్లో నాలుగు ఫొటోలు తీసుకుని కారెక్కేస్తే అది పైపై మోజే. మధ్యాహ్నం ఎండలో కూడా "ఇంకో వరస కొలుస్తా నాన్నా" అంటే, జేఈఈ దరఖాస్తులో బీటెక్ కోసం రాసే పేపర్ 1తో పాటు పేపర్ 2ఎ కూడా టిక్ పెట్టించండి. రెండూ రాయొచ్చు, కంప్యూటర్ సైన్స్ తలుపూ మూసుకుపోదు.