అమ్మడూ, ఏకులు పేర్చి దాచకు

చిరంజీవి అమ్మడికి, పెద్దమ్మ ఆశీస్సులు.

రాట్నం కొన్నావనీ, పెదనందిపాడు వైపు నుంచి 20 కిలోల పత్తి గింజతో సహా తెప్పించి గుంటూరు ఇంట్లో పెట్టావనీ మీ అమ్మ ఫోన్లో చెప్పింది. చెప్తున్నంతసేపూ తిడుతున్నట్టే ఉంది గానీ, గొంతులో మురిపెం దాగలేదు. నాకూ అంతే అనుకో. కానీ 20 కిలోలేంటే తల్లీ? లెక్క వేసే కొన్నావా? ఏకులు, అంటే వడకడానికి చుట్టుకునే దూది చుట్టలు, ముందే చేసి దాస్తానన్నావట, ఆ మాట తర్వాత.

నేను వేస్తాను చూడు. పత్తిలో దూది మూడో వంతు, మిగతాది గింజ. అంటే 20 కిలోలకు ఆరున్నర కిలోల పైచిలుకు దూది వస్తుంది. ఏకడంలో (విల్లుతో దూది కొట్టి విప్పడంలో), వడకడంలో పోయే తుక్కు నూటికి 15 అనుకున్నా, అయిదున్నర కిలోల నూలు ఖాయం. కౌంటంటే నూలు సన్నదనానికి కొలత, అంకె పెరిగితే నూలు సన్నం. 20 కౌంటు నూలు గ్రాముకు దాదాపు 34 మీటర్లు. మొత్తం 190 కిలోమీటర్ల దారం! విజయవాడ నుంచి గుంటూరుకు నాలుగుసార్లు పరిచినా మిగులుతుంది. కొత్తచేతికి గంటకు 150 మీటర్లు వచ్చాయంటే గొప్పే. రోజూ గంటసేపు, పండగా పబ్బం లేకుండా తిప్పినా మూడేళ్ళు దాటుతుంది. అదే ఒక మంచి తువ్వాలు నేయించుకోవాలంటే నాలుగు వేల మీటర్లు చాలు. 120 గ్రాముల నూలు, దానికి అర కిలో లోపు పత్తి. ముందు అయిదు కిలోలు ఉంచుకుని మిగతాది ఎవరికైనా ఇచ్చెయ్యి. పరుపులు కుట్టేవాళ్ళు తీసుకుంటారు.

ఉంచుకునే అయిదు కిలోలు ఏ తీతవో, అంటే చేలో ఎన్నోసారి తీసిన పత్తో, రైతును అడిగి తెలుసుకో. మొదటి, రెండో తీత పత్తి మంచిది. చివరి తీతలో ముదరని పీచు ఎక్కువ. అది ఏకితే ఉండలు కడుతుంది, అద్దకంలో రంగు కూడా సరిగా పట్టదు. చిన్న కుచ్చు లాగి నల్ల గుడ్డ మీద పరిచి స్కేలుతో కొలువు. ఇప్పటి హైబ్రిడ్ రకాలైతే 28 నుంచి 30 మిల్లీమీటర్లు ఉంటుంది, నాటు పత్తి 20 దగ్గర ఆగుతుంది. ఏ పత్తికి ఏ కౌంటు అన్నది ఆ పొడుగే చెబుతుంది. మన కృష్ణా జిల్లా పింగళి వెంకయ్యగారిని జెండాతోనే గుర్తుపెట్టుకున్నారు అందరూ. కంబోడియా పత్తి మీద చేసిన కృషికి ఆయన్ని పత్తి వెంకయ్య అనేవారు, ఆ మాట ఎవరికీ పట్టదు. పొట్టి పీచునూ పొడుగు పీచునూ మాత్రం కలపకు. వడికేటప్పుడు పొడుగుది ముందు కదులుతుంది, పొట్టిది వెనకబడి గుంపు కడుతుంది. దారంలో లావు మచ్చలు అక్కడే వస్తాయి.

ఏరడం విసుగు పని, అయినా చెయ్యాలి. ఆకు తుక్కు, మచ్చ పడ్డ దూది సరే, అవి కంటికి కనిపిస్తాయి. కనిపించనివి రెండున్నాయి: తలవెంట్రుక, యూరియా సంచి పీచు. పత్తిని ఆ సంచుల్లో కుక్కి తెస్తారు కదా, సంచి అంచు నుంచి తెల్ల ప్లాస్టిక్ పోగులు ఊడి దూదిలో కలుస్తాయి. తెలుపులో తెలుపు. బట్ట నేసి రంగు వేశాక అవి మాత్రం తెల్లగా పళ్ళికిలిస్తాయి. తలకు గుడ్డ కట్టుకుని కూర్చో, వెలుతురుకు ఎదురుగా పట్టి చూడు. రెండు గింజలు అతుక్కుని ఉంటే లోపల గులాబీ రంగు పురుగు ఉందనే అర్థం, విప్పి చూడకుండా పారెయ్యి. వేసవి దాటేదాకా గింజతో ఉంచావా, ఇల్లంతా రెక్కల పురుగులే. గింజ కోసం ఎలుకలు వేరే.

గింజ తీసే ముందు రెండు గంటలు ఎండలో పెట్టు. ఎండితే గింజ తేలిగ్గా విడుస్తుంది. చెక్క మీద పత్తి పరిచి ఇనుప సలాకను ముందుకు దొర్లిస్తే గింజ ముందుకు జారుతుంది, దూది వెనక ఉండిపోతుంది. సలాకను అదిమి లాగకు, గింజ చితికి నూనె మరక పడుతుంది. ఖద్దరుకు పేరుపడ్డ పొందూరులో వాలుగ చేప దవడతో దువ్వుతారట కదా పెద్దమ్మా, అది ఎక్కడ దొరుకుతుంది అని అడుగుతావని తెలుసు. అది వాళ్ళ కొండపత్తికి, 100 కౌంటు నూలుకి. నువ్వు తియ్యబోయే 20 కౌంటుకి చేప దవడ అక్కర్లేదు. దూదిని కడగను కూడా కడగకు. పీచు మీద సహజంగా ఉండే మైనమే దాన్ని జారనిస్తుంది. మందుల షాపు దూది చుట్టతో చేయి అలవాటు చేసుకుందామని చూసి, రాట్నం రాదని మానేసినవాళ్ళు ఎందరో. ఆ దూదికి మైనం తీసేసి ఉంటుంది, పీచూ పొట్టిది. అది లాగితే రాదు.

ఇక అసలు మాట. ఏకులు.

సెలవులో కూర్చుని దూదంతా ఒకేసారి ఏకేసి, ఏకులు చేసి డబ్బాల్లో పేర్చుకుంటాననీ, తర్వాత హాయిగా వడుక్కుంటాననీ అన్నావట. అమ్మడూ, ఆ పని చెయ్యకు. కొత్తగా రాట్నం పట్టిన ప్రతివాళ్ళూ చేసే పాత తప్పు అదే. పని ముందే అయిపోయిందన్న సంతోషం రెండు వారాలుంటుంది, అంతే.

పత్తి పీచు గుండ్రటి వెంట్రుక కాదు. కాయలో ఉన్నప్పుడు లోపల గుల్లగా ఉంటుంది. కాయ పగిలి ఎండాక గుల్ల అణిగి చదునై, రిబ్బను మెలిపెట్టినట్టు తయారవుతుంది. ఆ మెలికలే ఒకదాన్నొకటి పట్టుకుని దారమవుతాయి. విల్లుతో ఏకినప్పుడు మనం చేసేది ఆ మెలికల మధ్య గాలి నింపడం. ఏకు తేలిగ్గా ఉండి, కొస పట్టి లాగితే పీచు మీద పీచు జారుతూ వస్తుంది. అలాంటి ఏకుల్ని 50 తీసి స్టీలు డబ్బాలో వరసగా పేర్చి మూత బిగించావనుకో. పైవాటి బరువుకి కిందవి నలుగుతాయి, గాలి పోతుంది. దానికి తోడు మన కృష్ణా ఒడ్డు తేమ. వానాకాలంలో పీచు తేమ పీల్చి ఉబ్బుతుంది, ఎండ కాయగానే ఆరి బిగుస్తుంది. నలిగి ఉన్న తీరులోనే బిగుస్తుంది. మెలికలు ఒకదాన్లో ఒకటి ఇరుక్కుని కూర్చుంటాయి. ఏకు మేకై కూర్చుందంటారే, అక్షరాలా అదే.

తర్వాత జరిగేది నీకు తెలియదు గనక చెప్తున్నా. ఆ ఏకు పట్టుకుని వడకబోతే కాసేపు రాదు, తర్వాత ముద్దగా వస్తుంది. లావు దగ్గర పురి, అంటే దారం మెలి, ఎక్కదు, సన్నం దగ్గరంతా పురే. సన్నం దగ్గర పోగు తెగుతుంది. తెగుతోందని ఇంకాస్త పురి ఇస్తావు, దారం దానంతట అదే చుట్టలు చుట్టుకుంటుంది. తప్పు రాట్నానిదనుకుని తాడు బిగిస్తావు, నూలు చుట్టుకునే ఇనుప పుల్ల, ఆ కదురు వంగిందనుకుంటావు, కొత్త కదురు కొంటావు. చివరికి ఈ పత్తే మంచిది కాదని ఇంకో అయిదు కిలోలు తెప్పిస్తావు. పాతది అటక ఎక్కుతుంది. ఇళ్ళల్లో పత్తి మూటలు పెరగడానికి కారణం ఆశ కాదే, ఇలా పాడైన ఏకులు.

అందుకని నిల్వ ఉంచేది దూదిగానే ఉంచు, గింజ తీసి, ఏకకుండా. అది ఏళ్ళ తరబడి ఆగుతుంది. ఏకులు మాత్రం వారానికి సరిపడా, అంతకు మించి వద్దు. రోజుకు గంట వడికేదానికి వారానికి 30, 35 గ్రాముల దూది చాలు. ఒక్కో ఏకు రెండు గ్రాములు మించకుండా చెయ్యి. ఏకిన దూదిని జానెడు పొడుగున పలచగా పరిచి, పెన్సిలంత వెదురు పుల్ల మీద చుట్టి, అరచేత్తో రెండు మూడు సార్లు దొర్లించి పుల్ల లాగెయ్యి. దొర్లించడం ఎక్కువైతే అక్కడే నలగడం మొదలు. చేసిన ఏకులను వరసకు ఒకటే, పైన ఇంకో వరస లేకుండా పెట్టు. పొందూరులో ఎండిన అరటి దొప్పలో ఉంచుతారు. నీకు అట్టపెట్టె మూత చాలు, పైన పలచటి గుడ్డ కప్పు.

వడికే ముందు ఒక ఏకు కొస పట్టి మెల్లగా లాగి చూడు. జానెడు దూరం గుక్క తిప్పుకోకుండా వస్తే బాగున్నట్టు. కుదుపుతో వస్తే చేత్తో పాయలుగా విప్పి, అరగంట ఎండ చూపించి, మళ్ళీ ఒక్కసారి తేలిగ్గా ఏకు. ఒక్కసారే. ఏకిన ప్రతిసారీ పీచు తెగి పొట్టిదవుతుంది. రెండోసారికీ రాలేదంటే వత్తులకు పక్కన పెట్టు, కార్తీకంలో 365 వత్తులకు పనికొస్తుంది. ఏకే తుక్కు కూడా అందులోకే.

ఏకడానికి వేళ ముఖ్యం. మే నెల మధ్యాహ్నం దూది గాల్లోకి లేచి చేతికీ చీరకీ అంటుకుంటుంది, వాన ముసురులో విల్లు నరానికి చుట్టుకుంటుంది. పొద్దున ఎనిమిదింటి నుంచి పదింటిలోపు కూర్చో. ముక్కుకు గుడ్డ కట్టుకో. పత్తి ధూళి ఊపిరితిత్తులకు మంచిది కాదు, గింజ తీసే జిన్నింగు మిల్లుల్లో పనిచేసేవాళ్ళనడుగు.

ఇంకో సంగతి, ఇది నవ్వులాటగా తీసుకున్నావంటే ఊరుకోను. ఏకే గదిలో దీపం వద్దు, అగరొత్తి వద్దు, దోమల చుట్ట వద్దు. గాల్లో తేలే దూది పీచు మంటను ఎంత వేగంగా అందుకుంటుందో చూసినవాళ్ళకే తెలుసు. మీ దేవుడి గూడు ఆ గదిలోనే ఉందట. అయితే గూడు మార్చు, లేదా రాట్నం మార్చు. దేవుడేమీ అనుకోడు. ఫ్యాను కూడా ఆపు. పని అయ్యాక తడిగుడ్డతో నేల తుడిచి, ఆ తర్వాతే వంటగదిలోకి వెళ్ళు.

దూది దాచే చోటు. ఉతికిన నూలు గుడ్డ సంచులు కుట్టించు, సంచికి అర కిలో మించొద్దు, కుక్కొద్దు. ప్లాస్టిక్ కవరులో వేసి ముడి వేస్తే లోపలి తేమ బయటకు పోదు, బూజు వాసన వస్తుంది. ఇనుప పెట్టె అయితే లోపల పాత చీర పరువు, తుప్పు మరక వదలదు. సంచుల్ని నేల మీద పెట్టకు, పీట వెయ్యి. 2024 సెప్టెంబరులో బుడమేరు వరద నీళ్ళు విజయవాడ సింగ్ నగర్ ఇళ్ళల్లోకి వచ్చినప్పుడు కింద పెట్టినవేవీ మిగల్లేదు. మీది మొదటి అంతస్తే గానీ, పైకప్పు కూడా కారుతుంది. కలరా ఉండలు అక్కర్లేదు, పత్తిని బట్టల చిమ్మట తినదు. ఉన్ని కూడా కొన్నావంటే అప్పుడు దాన్ని వేరే పెట్టెలో పెట్టు. వేపాకు వేస్తే నీడలో గలగలలాడేట్టు ఎండబెట్టి వెయ్యి, పచ్చిది మరక చేస్తుంది. మీ అత్తగారు సంవత్సరానికి సరిపడా ఎండుమిర్చి అటక మీదే పెడతారు కదా, ఆ అటక మీద పత్తి వద్దు. కారం ధూళి దూదిలో చేరితే ఏకేటప్పుడు కళ్ళల్లోకీ ముక్కులోకీ వస్తుంది. ఆవిడతో గొడవ పెట్టుకోకు, నీ సంచులే నువ్వు కిందికి దింపుకో.

ప్రతి సంచికీ చీటీ కట్టు: ఏ ఊరిది, ఏ తీత, ఏ నెల, పీచు పొడుగు, బరువు. పెన్నుతో కాదు, పెన్సిలుతో రాయి. తేమకు సిరా పాకుతుంది. ముందు వచ్చిన సంచే ముందు తియ్యి. వడికిన నూలును చుట్టుకున్న కండె మీదే వదిలెయ్యకుండా, వదులు చుట్టగా తీసి చిలప చుట్టి, నాలుగు చోట్ల వదులుగా కట్టు. చాకలి సోడా వేసిన నీళ్ళల్లో గంటసేపు ఉడికిస్తే మైనం పోతుంది, పురి నిలుస్తుంది.

మొదటి చిలప ఎలా ఉన్నా పంపు. సిగ్గుపడి దాచుకోకు, ఎగుడుదిగుడుగానే ఉంటుంది. దాంతో పాటు ఆ రోజు చేసిన రెండు ఏకులు కూడా అట్టపెట్టెలో, నలక్కుండా పంపు. బస్సులో వచ్చే మీ తమ్ముడి చేతికివ్వు, వాడి బ్యాగులో మాత్రం పెట్టనివ్వకు.

ఇట్లు,
నీ పెద్దమ్మ

తా.క. సంచులకు కొత్త గుడ్డ కొనకు. మీ పెదనాన్న పాత పంచెలు నాలుగు ఉతికి ఉంచాను, తమ్ముడు తిరిగి వచ్చేటప్పుడు ఇచ్చి పంపుతాను.