పాపకు సీత అని పేరు పెట్టొద్దంటోంది అమ్మ

ప్రశ్న: మా పాప పుట్టి పద్దెనిమిది రోజులైంది. ఇరవై ఒకటో రోజున బారసాల. రెండేళ్ల కిందట పోయిన మా అత్తగారి పేరు సీతామహాలక్ష్మి. ఆవిడ గుర్తుగా సీత అని పెట్టాలని మావారి పట్టుదల. ‘ఆ పేరు పెడితే జన్మంతా కష్టాలే’ అని అమ్మ ఒకటే ఏడుపు. నిన్న పాపకు నీళ్లు పోస్తుంటే మావారు ‘సీతమ్మా’ అని పిలిచారు. అమ్మ చెంబు అక్కడే పెట్టేసి లోపలికి వెళ్లిపోయింది. మా పెద్దమ్మ పేరూ సీతే. పెళ్లయిన నాలుగేళ్లకే పెదనాన్న పోతే అప్పట్నుంచీ ఒక్కతే ఉంటోంది. టెన్షన్‌తో నాకు నిద్ర పట్టడం లేదు.

జవాబు: పచ్చి బాలింత మీరు, ముందు కంటినిండా నిద్రపోండమ్మా. పేరుకు తొందరేం లేదు. పేరు లేకుండానే జననం నమోదు చేయించి, ఏడాదిలోపు రుసుము కట్టకుండా చేర్పించుకోవచ్చు. బారసాల మూడో నెలలో చేసుకునేవాళ్లూ ఉన్నారు.

సీత అంటే నాగటి చాలు. పొలం దున్నుతుంటే చాలులో దొరికిందనీ, అందుకే ఆ పేరు వచ్చిందనీ వాల్మీకి రామాయణంలో జనకుడే విశ్వామిత్రుడితో చెబుతాడు. అంతకు ముందే ఋగ్వేదం నాలుగో మండలంలో ‘సీతే వందామహే త్వా’ అని ఉంది. సీతా, నీకు మొక్కుతున్నాం, చల్లగా చూడు, మంచి పంటనివ్వు అని నాగటి చాలునే దేవతగా వేడుకోవడం. ఏరువాక నాడు నాగలికి పసుపు కుంకుమ పెట్టే మనకు ఇది తెలియని భక్తేం కాదు. కష్టమనే అర్థం ఆ పేరులో ఎక్కడా లేదు.

ఆవిడ కష్టాలు పడింది, నిజమే. రాముడూ పద్నాలుగేళ్లు అడవిలో పడ్డాడు. అయినా మగపిల్లాడికి ఆయన పేరు పెట్టడానికి ఎవరూ జంకరు. ఆడపిల్ల దగ్గరే ఈ భయం, అది నాకు చాలా బాధ కలిగిస్తుంది. రావణుడికీ తనకూ మధ్య గడ్డిపరక అడ్డం పెట్టి, వాడికి బుద్ధి చెప్పిన మనిషి సీత.

అయితే ఇదంతా చెప్పినా మీ అమ్మగారి భయం పోదు. ఆవిడ కళ్లలో ఉన్నది తన తోడబుట్టిన సీత. మీరేమో ఆ సంగతి రెండు ముక్కల్లో దాటేశారు. మూఢనమ్మకమని ఆవిడతో వాదించకండి. పాప పడుకున్నాక పక్కన కూర్చుని, ‘పెద్దమ్మకి అప్పుడేం జరిగిందమ్మా?’ అని అడగండి. ఏడిస్తే ఏడవనివ్వండి. అక్క పడ్డ బాధ గురించి ఇన్నేళ్లలో ఆవిడను అడిగినవాళ్లు లేరేమో.

మీవారిదీ మొండితనం అనుకోను, తల్లి మీద బెంగ. కానీ మీ అమ్మగారి ముందు పాపను ఆ పేరుతో పిలవడం కొన్నాళ్లు ఆపమనండి. అప్పటికీ ఒప్పుదల కుదరకపోతే జానకి, మైథిలి, వైదేహి అన్నీ ఆ తల్లి పేర్లే. మహాలక్ష్మి అన్నా మీ అత్తగారి పేరే. నా మొగ్గు మాత్రం సీత వైపే.

ఇంతకీ పెద్దమ్మగారిని బారసాలకు పిలిచారా? ఉత్తరంలో ఆ ఊసే లేదు. భర్త పోయినావిడను శుభకార్యాలకు దూరం పెట్టే ఇళ్లు ఇంకా ఉన్నాయి, మీది అలాంటిది కాకూడదు. మీవారు పళ్లెంలో బియ్యం పరిచి ఉంగరంతో పేరు రాసేటప్పుడు ఆవిడ పక్కనే కూర్చోవాలి. ఈ పేరు పెట్టనా వద్దా అని ముందు ఆవిడనే అడగండి. ఇవాళే ఫోన్ చేయండి.