గద్దల ఫొటోలు తీసి బతుకుతానంటున్నాడు, ఏం చేయమంటారు?

ప్రశ్న: మాది నంద్యాల జిల్లా, నందికొట్కూరు దగ్గర పల్లె. శనగ, జొన్న సేద్యం. మా అబ్బాయి ఇంటర్ బైపీసీ రెండో ఏడు. నీట్ కోచింగ్ వద్దంటున్నాడు. రోళ్లపాడు గడ్డి మైదానంలో గద్దలు, డేగలు ఫొటోలు తీసి అదే వృత్తిగా చేసుకుంటాడట. కెమెరా, లెన్సు కలిపి మూడు లక్షలు కావాలంటాడు. నాకూ వాళ్లమ్మకూ నిద్ర పట్టడం లేదు.

జవాబు: నమస్కారమండీ. టెన్షన్ పడకండి. మూడు లక్షలు మాత్రం ఇప్పుడే ఇవ్వకండి. అబ్బాయిని రోళ్లపాడు పోవద్దని కూడా అనకండి.

1988లో బట్టమేకపిట్ట కోసం ఏర్పాటైన అభయారణ్యం అది. విస్తీర్ణం ఆరు చదరపు కిలోమీటర్ల పైచిలుకే. బట్టమేక కోసం వెళ్తే నిరాశే గానీ, చలికాలంలో పిల్లి గద్దలు వస్తాయి. పక్షులు చూసేవాళ్లు హారియర్లంటారు. కజకిస్థాన్ వైపు మైదానాల్లో పిల్లల్ని పెంచుకుని, దసరా దీపావళి రోజులకు మన దగ్గర దిగుతాయి. మీరూ చూసే ఉంటారు: శనగ చేల మీద తక్కువ ఎత్తులో, సాలు తోలినట్టు ఇటు నుంచి అటు, అటు నుంచి ఇటు మిడతల కోసం వెతుక్కుంటూ పోతుంటాయి. పొద్దుగూకాక చెట్టెక్కవు, గడ్డిలో నేల మీదే పడుకుంటాయి. వీటి ఫొటోల కోసం బెంగళూరు, ముంబై జనం గుజరాత్‌లోని వెలావదర్ దాకా డబ్బు పెట్టుకుని పోతారు. మీవాడికి అవి ఇంటి పక్కనే దొరుకుతున్నాయి. ఆ సంగతి వాడికి అర్థమైందో లేదో!

కొన్నేళ్ల కిందట నా దగ్గరికి సలహాకొచ్చిన ఒక కుర్రాడితో జనవరిలో అక్కడికి వెళ్లాను. తుమ్మచెట్టు కొనకొమ్మ మీద అడవి రామదాసు అనే చిన్న గద్ద కూర్చుని ఉంది. కాకి కన్నా చిన్నది, బూడిద తెలుపు, ఎర్రటి కళ్లు. మావాడు ఆగలేక కారు దిగి నడిచాడు. ఇరవై అడుగులు వేశాడో లేదో అది లేచిపోయింది. కార్డు నిండా తోకలే! నేనూ తక్కువేం కాదు, బాగా కనిపిస్తుందని తలుపు తీసి దిగింది ముందు నేనే.

రెండో రోజు బుద్ధిగా కార్లోనే కూర్చున్నాం. ఇంజన్ ఆపి, కిటికీ అంచున బియ్యం పోసి కుట్టిన గుడ్డసంచి పెట్టి, దాని మీద లెన్సు ఆనించాడు. ఎండా గాలీ రెండూ మా వీపు వైపు. పక్షి గాలికి ఎదురుగా లేస్తుంది కాబట్టి మన వైపే ముఖం పెడుతుంది. లేచే ముందు చాలాసార్లు రెట్ట వేస్తుంది, అది చూడగానే వేలు బటన్ మీద ఉండాలి. కెమెరా షటర్ వేగం సెకనులో 1/2000వ వంతు కన్నా నెమ్మదిగా ఉండకూడదు. అదంతా ఎనిమిదిన్నర లోపే. ఎండ ముదిరాక నేల మీద సెగలు లేస్తాయి, పది లక్షల లెన్సైనా నీళ్ల అడుగున తీసినట్టే వస్తుంది. వాడు తీసింది పాత కెమెరాతో, సెకండ్‌హ్యాండ్ లెన్సుతో. లెన్సు అద్దెకు కూడా దొరుకుతుంది, పదిసార్లు అద్దెకు తెచ్చాక కొనాలో వద్దో వాడికే తెలుస్తుంది.

ఇక డబ్బు సంగతి. కేవలం అడవి ఫొటోలు అమ్ముకుని ఇల్లు నడిపేవాళ్లు నాకు తెలిసి బహు తక్కువ. ఎక్కువమంది పెళ్లిళ్లు తీస్తారు, పర్యాటకుల్ని తిప్పుతారు, వర్క్‌షాపులు పెడతారు. అందులో తప్పేం లేదు. కానీ మీవాడి చేతిలో బైపీసీ ఉంది కదా, దాన్ని పారేసుకోవద్దు. జువాలజీతో డిగ్రీ చేస్తే డెహ్రాడూన్‌లోని వైల్డ్‌లైఫ్ ఇన్‌స్టిట్యూట్‌లోనో, బెంగళూరులోని జీవశాస్త్ర పరిశోధన సంస్థ ఎన్‌సీబీఎస్‌లోనో వన్యప్రాణి ఎమ్మెస్సీకి ప్రయత్నించవచ్చు. సీట్లు కొద్ది, పోటీ ఎక్కువ. ఐఎఫ్ఎస్ (అటవీ సర్వీసు) పరీక్ష రాయడానికీ ఆ డిగ్రీ పనికొస్తుంది. గాలిమరలు, సోలార్ ప్రాజెక్టుల దగ్గర పక్షుల సర్వేకు కన్సల్టెన్సీలు మనుషుల్ని తీసుకుంటాయి, వాళ్లకు కావాల్సింది పక్షిని గుర్తుపట్టే కన్ను. ఫొటోగ్రఫీయే చదవాలంటే హైదరాబాద్‌లోని కళల విశ్వవిద్యాలయం జేఎన్ఏఎఫ్‌ఏయూలో నాలుగేళ్ల బీఎఫ్‌ఏ (లలితకళల డిగ్రీ) ఉంది. నన్నడిగితే డిగ్రీ జువాలజీయే. కెమెరా పని బయట నేర్చుకోవచ్చు, ఆ సైన్సు బయట దొరకడం కష్టం.

గుర్తుపట్టడమంటే ఏమిటో ఒక్కటి చెప్తాను. రోళ్లపాడులో తిరిగే మాంటేగూ హారియర్, పాలిడ్ హారియర్ ఆడపక్షులు రెండూ గోధుమరంగే, రెండింటికీ తోక మొదట్లో తెల్లపట్టీ. చెవి వెనక నుంచి మెడ చుట్టూ లేత కాలర్ స్పష్టంగా ఉంటే పాలిడ్. ఆ కాలర్ కనపడేలా తీసిన ఫొటో, అందంగా లేకపోయినా, పరిశోధకులకు పనికొస్తుంది. మీవాడికి ఈ తేడా తెలుసేమో అడిగి చూడండి.

ఇంకో మాట, గట్టిగానే చెప్పండి. 1972 వన్యప్రాణి చట్టంలో గూటిని, గుడ్లను కదిలించడమూ, ఎర పెట్టి రప్పించడమూ వేట కిందికే వస్తాయి. మంచి ఫొటో కోసం ఎలుకను కట్టేసే తెలివితేటలు ఎవరైనా నేర్పితే దూరంగా ఉండమనండి. అభయారణ్యంలో ఫొటోలకు అటవీశాఖ అనుమతి కావాలి. చీకటిపడ్డాక గద్దలు పడుకున్న గడ్డిలోకి లైటు వేసుకుని పోకూడదు.

నీట్ సంగతి: ఇష్టం లేనివాణ్ణి లాంగ్ టర్మ్‌లో కూర్చోబెడితే మీ డబ్బూ వాడి ఏడాదీ పోతాయి. ఇంటర్ మార్కులు మాత్రం బాగా తెచ్చుకోమనండి, బేరం అక్కడ పెట్టండి.

ఈ చలికాలం వాడికి వంద పేజీల నోటుబుక్కు కొనివ్వండి. వారానికి ఒక పొద్దున, ఒక సాయంత్రం: ఏ గద్ద, ఎన్ని, ఎన్ని గంటలకు, ఏ చేను మీద, గాలి ఎటు. ఉన్న ఫోనుతోనే ఫొటోలు. ఫిబ్రవరి ఆఖరుకు ఆ పుస్తకం నాకు పంపించండి. సగం పేజీలు నిండి ఉంటే లెన్సు సంగతి అప్పుడు మాట్లాడదాం.