లేబర్ రూమ్‌లో పని చేస్తానన్న మేనకోడలికి

బిడ్డా,

నిన్న మీ నాన్న ఫోన్ చేశాడు. నీట్ లాంగ్ టర్మ్ వద్దన్నావట, నర్సింగ్ చదివి లేబర్ రూమ్‌లోనే పని చేస్తానన్నావట. "నీ మేనకోడలే కదా, నువ్వే నచ్చజెప్పు" అన్నాడు కోపంగా. నాదీ లేబర్ రూమ్ నర్సు పనే కదా, ఫోన్ పెట్టేశాక ఇరుగుపొరుగు అందరికీ గొప్పగా చెప్పుకున్నాను. రాత్రి మాత్రం నిద్ర పట్టలేదు. ఫోన్లో అయితే నువ్వు "సరే అత్తా, సరే అత్తా" అని పెట్టేస్తావు, అందుకే రాస్తున్నాను.

చదువు సంగతి పెద్దగా చెప్పేదేం లేదు. జీఎన్‌ఎం అనే నర్సింగ్ డిప్లొమా మూడేళ్లు, బీఎస్సీ నర్సింగ్ డిగ్రీ నాలుగేళ్లు. నువ్వు బైపీసీ చదివావు, బీఎస్సీనే చెయ్యి. కాలేజీకి నర్సింగ్ కౌన్సిల్ గుర్తింపు ఉందో లేదో చూసుకో. ఒరిజినల్ సర్టిఫికెట్లు ఎవరి బీరువాలోనూ పెట్టకు, ఇన్నేళ్లు ఇక్కడే పని చెయ్యాలనే బాండ్ అని ఎంత తియ్యగా అడిగినా సరే.

అసలు చూడాల్సింది కాలేజీ బిల్డింగ్ కాదు, దానికున్న ఆస్పత్రి. అక్కడ నార్మల్ కాన్పులు ఎన్ని అవుతాయో అడుగు. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ఐదో విడత లెక్క ప్రకారం మన తెలంగాణలో నూటికి 60 కాన్పులు ఆపరేషన్లే. ప్రైవేటులో అయితే నూటికి 80 దాటాయి. అలాంటి చోట చేరితే థియేటర్‌కు పంపేముందు మూత్రం పోయే గొట్టం, అదే కాథెటర్, వెయ్యడం, సంతకాలు తీసుకోవడం బాగా వస్తాయి. నొప్పులు మొదలైన దగ్గర్నుంచి బిడ్డ బయటపడేదాకా ఒక తల్లి పక్కనే ఉండటం మాత్రం రాదు. జీతం రెండు వేలు తక్కువైనా మొదటి ఉద్యోగం పెద్ద ప్రభుత్వ ప్రసూతి ఆస్పత్రిలోనే చూసుకో. అక్కడ పని నలిపేస్తుంది, నిజమే. నాకు నడుం నొప్పి అక్కడే వచ్చింది. చేతికి పని వచ్చిందీ అక్కడే.

కాస్త అనుభవం వచ్చాక మిడ్‌వైఫరీ ట్రైనింగ్, అంటే నార్మల్ కాన్పులు సొంతంగా చెయ్యడానికి ఇచ్చే శిక్షణ గురించి ఆలోచించు. 2017లో మన రాష్ట్రమే కరీంనగర్‌లో మొదలుపెట్టింది, పద్దెనిమిది నెలల కోర్సు. అలా తయారైన వాళ్లు కాన్పు చేసే తీరు చూశాను. తల్లిని మంచానికి కట్టిపడేసినట్టు వెల్లకిలా పడుకోబెట్టరు. నడిపిస్తారు, పక్కకు తిప్పి పడుకోబెడతారు, తోడుగా తల్లినో అక్కనో లోపలికి రానిస్తారు. మా రోజుల్లో ఇది ఉంటే ఎంత బాగుండేదో! విదేశాల మీద మనసుంటే ఒక్కటి గుర్తుంచుకో. అమెరికాలో లేబర్ అండ్ డెలివరీ నర్సు పని ఆర్‌ఎన్‌లే, అంటే రిజిస్టర్డ్ నర్సులే చేస్తారు. బ్రిటన్‌లో మిడ్‌వైఫ్‌ది వేరే చదువు, వేరే రిజిస్ట్రేషన్. నర్సుగా వెళ్తే కాన్పులు చెయ్యనివ్వరు.

ఇప్పుడు నా నిద్ర చెడగొట్టిన సంగతి.

నేను కొత్తగా లేబర్ రూమ్‌లో చేరినప్పుడు అక్కడ ఒక సీనియర్ సిస్టర్ ఉండేది. చెయ్యి వేస్తే చాలు బిడ్డ తల ఎటుందో చెప్పేసేది. చలికాలం, తెల్లవారుజామున ఒకమ్మాయికి రెండో కాన్పు అయింది. నేను పక్క టేబుల్ దగ్గర ఇంకో కాన్పులో ఉన్నాను. బిడ్డ బాగుంది, మాయ పడింది, ఇంజెక్షన్ ఇచ్చారు. ఆ అమ్మాయి వణుకుతుంటే దుప్పటి కప్పారు. డ్యూటీ మారే సమయానికి ఆ సిస్టర్ బీపీ చూసింది, 110/70. పుస్తకంలో "స్టేబుల్" అని రాసి అప్పజెప్పింది. వచ్చినామె ఆ పుస్తకమే చదివింది. దుప్పటి ఎవరూ ఎత్తలేదు. పల్స్ ఎవరూ లెక్కపెట్టలేదు.

"దూప అయితుందంటోంది సిస్టర్, చలి తగ్గలేదంటోంది" అని వాళ్లమ్మ రెండుసార్లు వచ్చి చెప్పింది. ఇంకో దుప్పటి ఇచ్చారు. చివరికి నేల తుడవడానికి వచ్చిన ఆయమ్మ మంచం కింద చూసి కేకేసింది. పరుపు తడిసి నెత్తురు కిందికి కారుతోంది. దుప్పటి తీస్తే గర్భసంచి మెత్తగా పైకి ఉబ్బి ఉంది, మూత్రసంచి నిండా మూత్రం. కాథెటర్, మసాజ్, గర్భసంచి బిగుసుకోవడానికి ఆక్సిటోసిన్ డ్రిప్, రక్తం కోసం పరుగులు, అన్నీ చేశారు. ఆ అమ్మాయి బతికింది. గర్భసంచి మాత్రం తీసెయ్యాల్సి వచ్చింది. ఇంత పనొచ్చిన మనిషి చేతిలో ఇలా జరిగిందే అని నాకు ఇప్పటికీ భయం వేస్తుంది.

వయసులో ఉన్న ఒళ్లు నెత్తురు పోతున్నా చాలాసేపు బీపీని నిలబెట్టుకుంటుంది బిడ్డా. ముందు పెరిగేది పల్స్. బీపీ పడిపోయిందంటే అప్పటికే చాలా పోయిందన్నమాట. అందుకే కాన్పయ్యాక మొదటి రెండు గంటలు పావుగంటకోసారి వెళ్లు. దుప్పటి ఎత్తి చూడు, బొడ్డు దగ్గర చెయ్యి వెయ్యి. గర్భసంచి కొబ్బరికాయలా గట్టిగా తగలాలి. మెత్తగా ఉంటే అక్కడే నిలబడి రుద్దు, మూత్రం పోయించు, డాక్టర్‌ను పిలిపించు. తడిసిన ప్యాడ్ తూకం వెయ్యి, పొడి ప్యాడ్ బరువు తీసెయ్యి, గ్రాముకు ఒక మిల్లీలీటరు లెక్క. అర లీటరు దగ్గరికొస్తే మొహమాటపడకు, గట్టిగా కేక వెయ్యి. మన గర్భిణుల్లో సగం మందికి పైగా రక్తహీనత ఉన్నవాళ్లే, వాళ్లు అంత కూడా తట్టుకోలేరు. డ్యూటీ ఎక్కగానే ఫ్రిజ్ పని చేస్తోందో లేదో చూడు, ఆక్సిటోసిన్ వేడికి పాడవుతుంది. పుస్తకంలో ఎవరేం రాసినా నీ చెయ్యి వెయ్యకుండా ఏ బాలింతనూ అప్పగించుకోకు. సీనియర్‌కు కోపమొస్తే రానీ.

ఇంకొకటి, ఇది గట్టిగానే చెప్తున్నాను. లేబర్ రూమ్‌లో కొందరు "అప్పుడు లేని నొప్పి ఇప్పుడొచ్చిందా" అని నొప్పులు పడే ఆడపిల్లని అంటారు. తొడ మీద చరుస్తారు. అలసిపోయి అన్నామంటారు. నువ్వు ఎంత అలసిపోయినా ఆ మాట నీ నోట రాకూడదు. వచ్చిందని తెలిస్తే నీతో మాట్లాడను. మొదటి కాన్పుకు వచ్చిన పిల్లలు నీ వయసు వాళ్లే ఉంటారు, ఏం జరుగుతుందో తెలియక నీ చున్నీ పట్టుకుంటారు. విడిపించుకోకు. నువ్వు పుట్టినప్పుడు మీ అమ్మ నా మణికట్టు అలాగే పట్టుకుంది, గోళ్ల గాట్లు వారం రోజులున్నాయి. ఏడవకుండా మౌనంగా కొడవలి పట్టి పొలం కోసే మనిషి మీ అమ్మ, ఆ రోజు మాత్రం "వదినా, పోకు" అంది.

మీ నాన్న కోపం సంగతి నాకొదిలెయ్. నైట్ డ్యూటీలంటే సంబంధాలు రావని ఆయన బెంగ. నాకు వచ్చాయి కదా! నువ్వు మాత్రం రాత్రి డ్యూటీకి ఇంటి నుంచి డబ్బా తీసుకెళ్లు, టీ బిస్కెట్లతో తెల్లార్చకు. జారని చెప్పులు కొనుక్కో.

కాలేజీ ఖాయం చేసేముందు రెండు మూడు పేర్లు నాకు పంపు. వాటి ఆస్పత్రుల్లో నెలకెన్ని కాన్పులవుతాయో, పిల్లల్ని పక్కన నిలబెట్టి నేర్పించే సిస్టర్లు ఉన్నారో లేదో కనుక్కుని చెప్తాను. అప్పటిదాకా ఫీజు కట్టకండి.

మీ అత్త