స్పీడ్‌వే ట్రాక్ అసలు ఎన్ని మీటర్లు? మా పక్కింటి పెద్దాయన లెక్క వేరే ఉందండి

"స్పీడ్‌వే బైక్ రేసు ట్రాక్ 300 మీటర్లే అని ఎక్కడో చదివాను, కోయంబత్తూర్ స్పీడ్‌వే చూస్తే రెండు కిలోమీటర్ల పైనే ఉంది, ఏది కరెక్టు?" అని అడిగారు కదా. రెండూ కరెక్టేనండి. పేరు ఒకటే గానీ ఆటలు వేరు. కోయంబత్తూర్లోని కరి మోటార్ స్పీడ్‌వే తారు వేసిన సర్క్యూట్, కుడీ ఎడమా మలుపులుంటాయి. అమెరికాలో కార్లు తిరిగే డేటోనా కూడా స్పీడ్‌వే అనే అంటారు, అది నాలుగు కిలోమీటర్లు. మీరు చదివింది మాత్రం ఇంగ్లండ్, పోలండ్, డెన్మార్క్, స్వీడన్ వాళ్ళు పిచ్చెక్కిపోయే మట్టి ట్రాక్ స్పీడ్‌వే గురించి. దాన్లో అంతర్జాతీయ రేసు పెట్టాలంటే ట్రాక్ 260 నుంచి 425 మీటర్ల లోపు ఎంతైనా ఉండొచ్చు. అంతే, ఇదే సైజు ఉండాలి అని రూలేం లేదు.

నేను 2018లో ఉద్యోగం మీద మాంచెస్టర్ వచ్చాను, గార్టన్ వైపు అద్దె ఇల్లు. వేసవిలో సోమవారం సాయంత్రం అయ్యేసరికి ఎక్కడో రంపం మిల్లు నడుస్తున్నట్టు ఒకటే రొద, నిమిషం మోగడం, ఆగడం, మళ్ళీ మోగడం. పక్కింటి పెద్దాయన్ని అడిగితే నవ్వి "నీకు తెలీదా, పద" అని అప్పటికప్పుడు టోపీ పెట్టుకుని బయల్దేరాడు. ఆయనకి డెబ్బై దగ్గర పడుతున్నాయి, ఎడమ కాలు కొంచెం ఈడుస్తాడు, అప్పటికి ఎందుకో నాకు తెలీదు.

ఆట సింపుల్. నలుగురు, నాలుగు రౌండ్లు, ఎప్పుడూ ఎడమ వైపే తిరగడం, నిమిషంలో అయిపోతుంది, గెలిచినోడికి మూడు పాయింట్లు, తర్వాత రెండు, ఒకటి, చివరోడికి సున్నా. బండి 500 సీసీ, ఒకటే గేరు, బ్రేకులు లేవు, నిజంగానే లేవు, పెట్రోల్ బదులు మెథనాల్ పోస్తారు. ఎడమ బూటు కింద ఇనప చెప్పు లాంటిది తొడుక్కుని ఆ కాలు నేల మీద ఆనించి, బండిని అడ్డంగా జారిస్తూ మలుపు తిప్పుతారు, హ్యాండిల్ కుడికి ఉంటుంది బండి మాత్రం ఎడమకి పోతుంది. ఇంజిన్‌లో ఆముదం నూనె వాడతారు, ఆ వాసన ముక్కుకి తగలగానే నాకు మా నాయనమ్మ గుర్తొచ్చింది. మాంచెస్టర్లో ఆముదం వాసన ఏంటి నా మొహం అనుకున్నా. మొదటి మలుపు దగ్గర నిలబడి పులిహోర డబ్బా తెరిచా, మొదటి రౌండుకే దాన్నిండా ఎర్ర మట్టి. పెద్దాయన ముందే చెప్పొచ్చు కదా, చెప్పలేదు, కావాలనే.

సైజుల సంగతికొస్తే మా ఊరి క్లబ్ బెల్ వ్యూ ఏసెస్ ఒక్కటి చాలు అర్థం కావడానికి. ఒకే క్లబ్, మూడు ట్రాకులు. 1987 దాకా హైడ్ రోడ్ స్టేడియం, 418 గజాలు అంటే 382 మీటర్లు. దాన్ని కూలగొట్టాక 1988 నుంచి కిర్క్‌మన్‌షుల్మ్ లేన్‌లోని కుక్కల పందేల స్టేడియంలోకి మారారు, అక్కడ 285 మీటర్లు. 2016లో పక్కనే కొత్తగా నేషనల్ స్పీడ్‌వే స్టేడియం కట్టారు, అది 347. చూశారా, పెద్దదానికీ చిన్నదానికీ దాదాపు వంద మీటర్ల తేడా. ఎందుకంటే చాలా చోట్ల ట్రాక్ కోసం స్టేడియం కట్టలేదు, ఉన్న స్టేడియంలో ట్రాక్ ఇరికించారు. 1928లో లండన్ పక్కన హై బీచ్‌లో పెట్టిన రేసుకి జనం విరగబడేసరికి ఇంగ్లండ్ అంతా ఈ పిచ్చి పాకింది, మరి చోటు ఎక్కడ దొరుకుతుంది, కుక్కల ట్రాక్ లోపలో, ఫుట్‌బాల్ గ్రౌండ్ చుట్టూనో వేసేశారు. మొన్న 2023లో మూతపడ్డ వుల్వర్‌హాంప్టన్ ట్రాక్ 264 మీటర్లే, ఎక్సెటర్లో 2005 దాకా ఉన్నది 433 గజాలు, అంటే 396 మీటర్లు. కార్డిఫ్‌లో ప్రపంచ ఛాంపియన్‌షిప్ రౌండ్ జరిగేటప్పుడైతే రగ్బీ స్టేడియంలో లారీలతో మట్టి తెచ్చి పోసి ట్రాక్ చేసేవాళ్ళు, 2019లో పెద్దాయనతో కలిసి చూశా, అది 280 మీటర్లు కూడా లేదు, పెద్దాయన అయితే ఎక్కువసేపు తిట్టుకుంటూనే చూశాడు.

చిన్న ట్రాక్ అంటే ఆయనకి ఎందుకంత చిరాకో తర్వాత అర్థమైంది. చిన్న ట్రాక్ మీద బండి నిటారుగా అయ్యే టైమే ఉండదు, ఒక మలుపు అవ్వగానే ఇంకోటి, స్టార్టింగ్ దగ్గర అడ్డంగా కట్టిన టేపు పైకి లేవగానే ఎవడు ముందు దూకితే సగం వాడు గెలిచినట్టే. పెద్ద ట్రాక్ మీద స్ట్రెయిట్ చివరిదాకా థ్రాటిల్ తిప్పి పట్టుకోవాలి, బ్రేకుల్లేని బండి మీద అది గుండె ఉన్నోడి పని, కానీ వెనకపడ్డోడు బయటి వైపు నుంచి కంచె పక్కగా వచ్చి దాటేయొచ్చు. ట్రాక్ మారితే వెనక స్ప్రాకెట్, అంటే చైన్ తిరిగే పళ్ళ చక్రం, కూడా మార్చుకుంటారు, చిన్నదానికి పళ్ళు ఎక్కువున్నది వేస్తారు.

పెద్దాయన కూడా 70ల మొదట్లో హైడ్ రోడ్‌లో రేసు బండి తిప్పాడు. పెద్ద పేరేం లేదు, అసలు మ్యాచ్ అయ్యాక కొత్త కుర్రాళ్ళకి "సెకండ్ హాఫ్" అని నాలుగైదు రేసులు పెట్టేవాళ్ళు, అందులో. రెండు సీజన్లు చేశాడు, కాలు విరిగింది, పెళ్ళైంది, మానేశాడు. కానీ ఎవరెవరిని దగ్గర్నుంచి చూశాడో చెప్తుంటే టీ చల్లారిపోయేది. తనకి పదేళ్ళప్పుడు, 1963లో, బెల్ వ్యూ రైడర్ పీటర్ క్రేవెన్ పోయాడట. పొట్టి మనిషి, బండి మీద బ్యాలెన్స్ చూస్తే మంత్రం వేసినట్టు ఉండేదట, 1955లోనూ 1962లోనూ ప్రపంచ ఛాంపియన్, ఎడిన్‌బరోలో ముందు పడిపోయినోడిని తప్పించబోయి దెబ్బతిని చనిపోయాడు. ఆ వారం వాళ్ళ నాన్న ఇంట్లో మాట్లాడలేదంటాడు. తర్వాత న్యూజిలాండ్ నుంచి వచ్చిన ఐవాన్ మేజర్, మొత్తం ఆరుసార్లు ఛాంపియన్, 1970, 71, 72 వరసగా మూడేళ్ళు బెల్ వ్యూ లీగ్ గెలిచినప్పుడు ఇక్కడే ఉన్నాడు. "మేజర్ రేసుకి గంట ముందు కూడా బోల్టులు చూసుకునేవాడు, మేం సిగరెట్లు కాల్చుకునేవాళ్ళం, అదీ తేడా" అన్నాడొకసారి. ఇంకో బెల్ వ్యూ రైడర్ పీటర్ కాలిన్స్ పేరెత్తితే ఇక లేచి నిలబడి చెయ్యి తిప్పుతూ చూపిస్తాడు, బయటి వైపు ఎలా వచ్చేవాడో. కాలిన్స్ 1976లో పోలండ్‌లోని హోజూఫ్‌లో వెస్లేక్ ఇంజిన్ మీద ప్రపంచ ఛాంపియన్ అయ్యాడు.

ఇప్పుడు అసలు గొడవ. ఆయన ఎప్పుడూ "హైడ్ రోడ్ పావు మైలు" అనేవాడు. పావు మైలు అంటే 440 గజాలు, 402 మీటర్లు. పుస్తకాల్లో చూస్తే 418 గజాలే. ఒకరోజు ఆ మాట అంటే "తిరిగింది నేనా నువ్వా" అని రెండు వారాలు ముభావంగా ఉన్నాడు. నాకూ అనిపించింది, పాతకాలం వాళ్ళకి అన్నీ పెద్దగానే గుర్తుంటాయి, మా ఊళ్ళో చెరువు కూడా చిన్నప్పుడు సముద్రమే కదా అని.

తర్వాత ఒకరోజు ఊరికే లెక్కేశా. ట్రాక్ పొడవు కొలిచేది లోపలి అంచుకి దగ్గరగా, మీటరు అటూ ఇటూగా ఉండే గీత మీద. రైడర్ ఆ గీత మీద పోడు కదా. గీతకి ఎన్ని మీటర్లు బయటగా తిరిగితే ఒక రౌండుకి దానికి ఆరు రెట్ల పైన దూరం పెరుగుతుంది, మన స్కూల్లో చెప్పిన 2పై ఆర్ లెక్కే. 382 కాస్తా 402 అవ్వాలంటే ఇంకో 20 మీటర్లు కావాలి, అంటే మూడు మీటర్ల చిల్లర బయటగా తిరిగితే చాలు! హైడ్ రోడ్ మలుపులు వెడల్పు, ఈయనేమో కాలిన్స్‌లా బయటి లైన్ పట్టుకునే రకం. అంటే కొలత టేపు 418 గజాలు చెప్పినా ఆయన బండి పావు మైలు తిరిగింది, ఎక్కువే తిరిగుండొచ్చు. అందుకే మీకూ చెప్తున్నా, ఎక్కడైనా 300 అనో 347 అనో కనబడితే అది గీత పొడవు, రైడర్ తిరిగిన దూరం కాదు.

కాగితం మీద బొమ్మ గీసి తీసుకెళ్ళి చూపించా. కళ్ళజోడు పెట్టుకుని చాలాసేపు చూశాడు. ఆ హైడ్ రోడ్ జాగాలో తర్వాత కార్ల వేలం యార్డ్ వచ్చింది, కొలుద్దామన్నా ఏం మిగల్లేదు. కాగితం మడిచి జేబులో పెట్టుకుని "నేను చెప్పలా" అన్నాడు. సరే, ఆ 285 మీటర్ల కిర్క్‌మన్‌షుల్మ్ లేన్‌ది కూడా లెక్కేసి ఇవ్వనా అంటే, "దానికెందుకు, అది కుక్కలది" అన్నాడు.